ఈ అమావాస్యకు ఏ గట్టు

మొన్న మా కోడలు వంటగదిలో కొత్త కాలెండరు తగిలిస్తుంటే చూశాను. ఒక నెలలో ఆదివారం గడిలో నల్లచుక్క ఉంది. ఆదివారం అమావాస్య. మా అమ్మ బతికున్న రోజుల్లో అయితే ఆ రోజు నన్ను గడప దాటనిచ్చేది కాదు. నాకు మాత్రం ఆ చుక్క కనబడితే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. "ఏంటి మామయ్యా, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది కోడలు. ఏమీ లేదన్నాను. నా చేత మూడేళ్ళపాటు కార్డులు రాయించిన ఒక నేతగాడు గుర్తొచ్చాడని చెబితే, పొయ్యి మీద పప్పు మాడిపోయేదాకా కథ తెమలదు.

అరవైలలో నాకు బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. మాది వేమూరు పక్క వ్యవసాయం చేసుకునే కుటుంబం. మగ్గం చప్పుడు నేను అంతవరకు విని ఎరగను. బడికి దగ్గరగా చేనేత పేట ఉండేది. అక్కడ ఒక ఇంట్లో వీధిగది ఖాళీగా ఉందంటే వెళ్ళాను. ఇంటాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి. కనుబొమల మీద, చెవుల అంచుల మీద దూది నూగు. ఆయన నా కులం అడగలేదు, పెళ్ళయిందా అని అడగలేదు. పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడెను ఆపకుండానే, "ఏదీ, ఒక ముక్క రాసి చూపించండి మాస్టారూ" అన్నాడు.

"ఏం రాయమంటారు?"

"ఏదైనా ఒకటే. చెరువు గట్టు అని రాయండి."

రాసి ఇచ్చాను. కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూశాడు. భార్యను పిలిచి ఆవిడకూ చూపించాడు. ఇద్దరికీ చదువు రాదని నాకు తరవాత తెలిసింది. "అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. పోస్టులో నలిగినా చెదరవు" అన్నాడు ఆయన. "గది మీదేనండి." ఉద్యోగం ఇచ్చినవాళ్ళు కూడా నాకంత కఠినమైన పరీక్ష పెట్టలేదు. ఆ గదిలో నాకు ముందున్న మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోతే ఆయన దిగులుపడింది అద్దె కోసం కాదు, దస్తూరీ కోసం.

వారం తిరగకముందే ఆయన్ని బాబాయ్ అని పిలవడం అలవాటైంది. పేటంతా అలాగే పిలిచేది. ఎదురైనవాళ్ళు బాగున్నావా అని అడిగేవాళ్ళు కాదు, "బాబాయ్, ఈ అమావాస్యకి ఏ గట్టు?" అనేవాళ్ళు. ఎందుకంటే నేతపనివాళ్ళకు ఆదివారం సెలవు లేదు, అమావాస్యే సెలవు. ఆ రోజు మగ్గం ముట్టుకోరు. నెలంతా టకటకలాడిన వీధి ఆ పొద్దున చప్పుడు లేకుండా ఉంటే, మొదటి నెలలో నాకు చెవుడు వచ్చిందేమోనని భయం వేసింది. నెలకు ఆ ఒక్క రోజు. ఆ ఒక్క రోజు గాలం వేయడానికి బాబాయ్ మిగతా నెలంతా ప్లాను వేసేవాడు.

ప్లాను అంటే కాగితం మీద కాదు. పనైన తరవాత సాయంత్రం పూట వసారాలో నేల మీద దారాలు పరిచేవాడు. నీలం దారం కాలవ. తెల్లదారం రైలు పట్టాలు. ముడి వేసినచోట చెరువు. పసుపు దారం ముక్క ఉంటే అది దుగ్గిరాల. పిల్లలు గాని కోళ్ళు గాని తొక్కితే ఆయన భార్య కేకలేసేది: "తెనాలిని తొక్కకండి." ఆ దారాల పక్కన గొంతుక్కూర్చుని, ఏ చెరువుకు ఏ వైపు నీడ ఉంటుందో, ఎక్కడ నాచు పట్టిందో, కాలవలు కట్టేసిన నెలలో ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో గొణుక్కునేవాడు. వేలితో దూది పింజ ఒకటి గాల్లోకి వదిలి అది పోయిన వైపు చూసి, ఇవాళ గాలి ఇటుంది, ఆ రోజుకి తిరుగుతుంది అనేవాడు. "చేప పడటం దేవుడి పనండి. దారి చూసుకోవటం మన పని. మన పని మనం చేసుకుంటే ఆయన్ని అడిగే మొహం ఉంటుంది" అనేది ఆయన మాట.

గాలపు తాడు ఆయనే పేనేవాడు. పడుగు చివర మిగిలిపోయిన నూలు పోగుచేసి, పేని, తుమ్మచెక్క నీళ్ళలో ఉడకబెట్టి ఆరేసేవాడు. బజార్లో నైలాను దారం వచ్చింది కదా బాబాయ్ అంటే, నేతగాడు అంగట్లో దారం కొనడం వంటవాడు హోటల్లో తినడం లాంటిదే అనేవాడు. ఎర కోసం వానపాములను తడిమట్టిలో, కొబ్బరిచిప్పలో పెంచినట్టే ఉంచేవాడు. ప్రయాణం రోజున సబ్బు ముట్టడు, కాఫీ తాగడు. ఆ వాసన వేళ్ళకు అంటుకుని నీళ్ళలోకి పోతుందట. కాఫీ లేకపోతే నాకు తల పనిచేయదు. నేను తెనాలి ప్లాట్‌ఫారం మీద దొంగచాటుగా తాగి వస్తే వాసన పట్టేసి, చెరువు దగ్గర నా రెండు చేతులకీ మోచేతులదాకా బురద పూయించేవాడు.

అమావాస్యనాడు ఆ ఇంట్లో చేప వండరు. పట్టవచ్చు, తినకూడదు. అందుకని బాబాయికి కొర్రమీనంటే మహా గౌరవం. తక్కిన చేపలు గట్టెక్కగానే చచ్చిపోతాయి. కొర్రమీను మాత్రం కుండలో నీళ్ళలో మర్నాటిదాకా బతికి ఉంటుంది. "దానికి తిథి తెలుసండి" అనేవాడు నవ్వకుండా.

గట్టు మీద కూర్చున్నాక మాటల్లేవు. నీళ్ళ మీద తేలే గాలపు బెండు మీద నుంచి చూపు మళ్ళేది కాదు. కాళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. ఒకటి కిందికి, ఒకటి పైకి, మగ్గం తొక్కినట్టే గడ్డిని తొక్కుతూ ఉండేవాడు. సాయంత్రానికి ఆయన కూర్చున్నచోట రెండు చిన్న గుంటలు పడేవి. నేను నెలనెలా ఆయనతో వెళ్ళలేకపోయేవాణ్ణి. నా సెలవు ఆదివారం, ఆయన సెలవు అమావాస్య. రెండూ కలిసేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. మా అమ్మకు చెప్పకుండా నేను చేసిన పాపాలు అవే.

ఇక కార్డుల సంగతి. గదిలో దిగిన మొదటి నెలలోనే, అమావాస్యకు అయిదు రోజుల ముందు, బాబాయ్ ఒక పోస్టుకార్డు తెచ్చి నా ముందు పెట్టాడు. ఏ రోజు మగ్గాలు ఆపాలో పేట పెద్ద చెప్పిన తరవాతే కార్డు రాయించడం ఆయన పద్ధతి. రేపల్లెలో ఒక బట్టల కొట్టు చిరునామా చెప్పాడు. కింద ఏం రాయమంటారని అడిగాను.

"రాయండి. గురువారం అమావాస్య. పొన్నూరు దారిలో రెండో తూము పక్కన చెరువు. పడమటి గట్టు, తాటిచెట్ల వైపు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం అయిదింటిదాకా."

రాశాను. ముందు క్షేమసమాచారం రాయనా అన్నాను. వద్దన్నాడు. పోనీ నమస్కారాలు అని అయినా రాద్దామన్నాను.

"ఆ ముక్కలేం వద్దండి. ఎక్కడుంటానో తెలిస్తే చాలు."

ఎవరికి తెలియాలని అడిగితే చెప్పాడు. కార్డు మీద సిరా ఆరేదాకా ఊదుతూ చెప్పాడు.

రేపల్లెలో ఉన్నది ఆయన అన్నయ్య. మగ్గం వదిలేసి బట్టల వ్యాపారంలో దిగాడు. తల్లి ఆ పెద్దకొడుకు దగ్గరే ఉండేది. నేను రావడానికి రెండేళ్ళ ముందు ఒక అమావాస్యనాడు ఆవిడ పోయింది. కబురు బాబాయ్ ఇంటికి మధ్యాహ్నం మూడింటికి చేరింది. అప్పట్లో ఆయన ఏ చెరువుకు పోతున్నాడో ఇంట్లో కూడా చెప్పేవాడు కాదు. చెబితే చేపలు పడవని ఒక పిచ్చి నమ్మకం. పేటలో మగవాళ్ళు తలా ఒక చెరువుకూ పరుగెత్తారు. ఆయన దీపాలు పెట్టే వేళకు కుండతో, కొర్రమీనుతో తాపీగా ఇల్లు చేరాడు. మర్నాడు రేపల్లె వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్కడ సూర్యాస్తమయానికే దహనం చేసేశారు.

"ఒక్క పూట నాకోసం ఆపలేకపోయావా అన్నానండి. అంతమంది ముందు అన్నాను. ఆయన, నువ్వెక్కడున్నావో ఎవడికి తెలుసురా, ఎక్కడని వెతకమంటావు అన్నాడు. అంతేనండి. మళ్ళీ మాటల్లేవు." ఆయన కార్డును వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. "మాట ఆయనది కరెక్టే కదండీ. అందుకని ఇప్పుడు ఎక్కడుంటానో ముందే చెప్తున్నాను."

నాకంటే ముందున్న మాస్టారు రెండేళ్ళు రాశాడు. ఆ తరవాత మూడేళ్ళు నేను రాశాను. ఒక్క జవాబు రాలేదు. పోస్టుమాన్ వీధిలోకి వస్తే బాబాయ్ నాడె ఒక్క క్షణం ఆగేది. వాడు దాటిపోగానే మళ్ళీ ఆడేది. నాకు ఆ అన్నగారి మీద ఒళ్ళు మండేది. కబురందని మనిషిని పట్టుకుని ఇన్నేళ్ళు శిక్షించడం ఏం పెద్దరికం అని ఒకసారి పైకే అన్నాను. బాబాయ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నయ్యను తిట్టే హక్కు ఆయన ఎవరికీ అద్దెకివ్వలేదు.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా గమనించాను. వసారాలో దారాల మీద ముళ్ళు కదులుతున్నాయి. మొదటి ఏడాది చెరువులన్నీ బాపట్ల, పొన్నూరు మధ్యే. తరవాతి ఏడాది తెనాలి దాటాయి. ఆ పైన రేపల్లె వెళ్ళే లైను పట్టుకుని మా వేమూరు దాకా వచ్చాయి. మంచి చేప మన దగ్గరే ఉండగా అంత దూరం ఎందుకని పేటలో నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మూడో ఏడు చివర ఒక సాయంత్రం ఆయన తెల్లదారం కొసకు, రేపల్లె అవతల పెనుమూడి పోయే దారిలో ఒక ముడి వేశాడు. వేసి, విప్పి, మళ్ళీ వేశాడు. అక్కడి నుంచి అన్నగారి కొట్టు మూడు మైళ్ళు.

"స్టేషన్ నుంచి ఆయన ఇల్లు ఇంకా దగ్గర కదా బాబాయ్. ఇంటికే వెళ్ళొచ్చుగా" అన్నాను.

"పిలవని ఇంటికి పోతే ఆయన గుమ్మం మీదే నిలబెడితే? అప్పుడింక కార్డు రాసుకునే దారి కూడా ఉండదు." ఆయన ముడి బిగించాడు. "చెరువు దగ్గరైతే ఆయన ఇటుగా రావచ్చు. రాకపోవచ్చు. వస్తే గట్టు మీద మాట్లాడక్కర్లేదు గదండి."

తప్పు జరిగింది ఇక్కడే, చేసింది నేను. కాలెండర్లో చూస్తే ఆ నెల నల్లచుక్క ఆదివారం గడిలో ఉంది. ఏడాదికోసారి దొరికే అదృష్టం. నాకు ఒళ్ళు తెలియలేదు. పేట పెద్ద ఇంకా తిథి చెప్పలేదు, ఆగుదామని బాబాయ్ నసిగాడు. కాలెండరు కంటే పెద్ద ఎవరని నేను గద్దించాను. చదువుకున్నవాణ్ణి కదా, ఆయన నమ్మాడు. మంగళవారమే కార్డు డబ్బాలో వేశాను: ఆదివారం అమావాస్య, పెనుమూడి దారి చెరువు, తూర్పు గట్టు.

తిథి రెండు రోజుల మీద పడటంతో ఆ నెల శనివారం సాయంత్రం గాని పేట పెద్ద చాటించలేదు. అమావాస్య ఆదివారం ఎండెక్కాక వచ్చి సోమవారం ఎండెక్కేదాకా ఉంది. ఆదివారం తగులు, సోమవారం మిగులు. మగ్గానికి సూర్యోదయాన ఉన్న తిథే తిథి, కాబట్టి మగ్గాలు ఆగేది సోమవారం. నేను ఆయన దగ్గరికి వెళ్ళి వాదించాను కూడా. "కాలెండరు తద్దినాలు పెట్టుకునేవాళ్ళకి మాస్టారూ, మగ్గాలకి కాదు" అన్నాడు ఆ పెద్దమనిషి.

పేటంతా మగ్గాలు ఆడుతుంటే గాలం భుజాన వేసుకుని వీధిలో నడవడం బాబాయ్ వల్ల కాదు. పోనీ టెలిగ్రాం ఇద్దామా అన్నాను. ఆయన హడలిపోయాడు. ఆ రోజుల్లో టెలిగ్రాం వస్తే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలు. "కార్డుకి కదలని మనిషి ఇప్పుడు మాత్రం వస్తాడాండీ. సోమవారమే పోదాం. మీరు సెలవు పెట్టండి" అన్నాడు. తప్పు నాదే కాబట్టి నోరుమూసుకుని సెలవు పెట్టాను. ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఆయన మగ్గం ఆడుతూనే ఉంది. రెండుసార్లు పోగులు తెగాయి. ఆయన చేతిలో పోగు తెగడం నేను అంతకుముందు చూడలేదు.

సోమవారం తొలి బండికి తెనాలి, అక్కడి నుంచి రేపల్లె బండి. స్టేషన్ నుంచి పెనుమూడి దారిన నడిచి చెరువు చేరేసరికి పది దాటింది. చిన్న చెరువు. తామరాకులు సగం కప్పేశాయి. తూర్పు గట్టు మీద కూర్చుని బాబాయ్ గాలం వేశాడు. కాళ్ళు ఆడడం మొదలుపెట్టాయి. నేను బురద చేతులతో పక్కన కూర్చున్నాను. ఒక అరగంటకు చెరువు కాపలా మనిషి కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"బాపట్ల నించి వచ్చేది మీరేనాండి?"

నేను అవునన్నాను.

"నిన్న మీకోసం ఒక పెద్దాయన పొద్దున్నే వచ్చాడండి. ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు. చేతిలో గాలం లేదు, కార్డు ముక్క ఒకటి ఉంది. ఏంటండీ అంటే మా తమ్ముడొస్తాడన్నాడు. ఎండలోనే ఉన్నాడండి. మధ్యాహ్నం మా ఇంట్లో ఇంత మజ్జిగ తాగమన్నా కదల్లేదు, నేనటు పోతే వాడొచ్చి వెళ్ళిపోతాడేమో అన్నాడు. పొద్దుగూకిందాక కూర్చుని అప్పుడు పోయాడండి."

బాబాయ్ కాళ్ళు ఆగిపోయాయి. బెండు మునిగింది; నేను చూశాను, ఆయన చూడలేదు. తాడు అటూ ఇటూ కొట్టుకుని వదులైపోయింది. ఆయన లేచి, గాలం నీళ్ళలోనే వదిలేసి, పంచె ఎగగట్టి రేపల్లె వైపు నడవడం మొదలుపెట్టాడు. నేను కర్రా, కుండా పోగుచేసుకుని వెనకాల పరుగెత్తాను. మూడు మైళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అన్నగారి కొట్టు బజారు వీధిలో చిన్నది. ఆయన ఒకావిడకు తువ్వాళ్ళు విప్పి చూపిస్తున్నాడు. నెత్తిన జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎండకు మొహం కమిలి ఉంది. మమ్మల్ని చూసి ఆయన చేతిలో తువ్వాలు మడత పెట్టబోయి పెట్టలేకపోయాడు. ఆవిడ మళ్ళీ వస్తానని లేచి వెళ్ళింది.

"తిథి తేడా వచ్చిందన్నయ్యా" అన్నాడు బాబాయ్ మెట్టు కిందనే నిలబడి. "మగ్గాలకి ఇవాళ. నిన్న కాదు."

"నాకు తట్టలేదురా. మగ్గం వదిలేసి ఎన్నేళ్ళయింది" అన్నాడు ఆయన. "నువ్వు రాకపోతే ఏమైందో అనుకున్నాను. రాత్రి కన్ను మూతపడలేదు."

"తప్పు నాదండి. తొందరపడి రాసింది నేను" అన్నాను. నా మాట ఎవరూ వినలేదు.

"పైకి రా" అన్నాడు అన్నగారు. బాబాయ్ మెట్టెక్కి చాప అంచున కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ ఎదురుగా ఉన్న తువ్వాళ్ళ కట్టను చూస్తున్నారు. అన్నగారే మొదలుపెట్టాడు. గొంతు మామూలుగానే ఉంది.

"నిన్న నీకు ఒక మాట చెప్పాలని వచ్చానురా. చెప్పకపోతే నేను కూడా అలాగే పోతాను. ఆ రోజు అమ్మకి తెల్లవారుజామునే బాగాలేదు. మీ వదిన అప్పుడే అంది, చిన్నాయనకి కబురు పంపమని. అమ్మ వద్దంది. 'ఇవాళ అమావాస్య, వాడు ఏదో గట్టు మీద సుఖంగా కూర్చునుంటాడు, నెలకి ఒక్క రోజు వాడికి, పిలవొద్దు' అంది. నేను ఊరుకున్నాను. ప్రాణం పోయాకే మనిషిని పంపాను. కబురు ఆలస్యం చేసింది నేనురా. అంతమంది ముందు నువ్వు అడిగేసరికి నింద నీ మీద పడేశాను. నీ కార్డు వచ్చినప్పుడల్లా ఈ మాట రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను."

 బాబాయ్ తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి భుజాలు కదలడం చూసి, నాకు అక్కడ ఉండటం తగదనిపించింది. లేచి అరుగు దిగి వీధిలోకి వచ్చాను. వస్తూ చూస్తే అన్నగారి చెయ్యి తమ్ముడి వీపు మీద ఉంది. నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళు ఆయన్ని మనసులో తిట్టుకున్నవాణ్ణి మరి.

వదినగారు నాకు కూడా అన్నం పెట్టింది. అమావాస్య కాబట్టి పప్పూ, దొండకాయా. సాయంత్రం బండి వేళయింది, బయలుదేరదామా అని బాబాయిని పిలిచాను. ఆయన అన్నయ్య పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నావైపు చూశాడే గాని లేవలేదు.

"మీరు వెళ్ళండి మాస్టారూ. మా ఇంట్లో చెప్పండి, నేను అన్నయ్య దగ్గరున్నానని."

ఎప్పుడు తిరిగొస్తాడో, ఏ బండికి వస్తాడో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.